కుదురుకుందని యాటను కోశాం

నా బిడ్డకు జబ్బు చేస్తే మేము పండుగ చేశాం. గొర్రె యాటను కోసి, చుట్టాలను పిలిచి, బువ్వ పెట్టి, అమ్మవారికి మొక్కు చెల్లించాం. మొక్కు మొక్కింది నేనే, కోసే మనిషిని మాట్లాడిందీ నేనే. ఇంకొకరి మీదికి నెట్టి చెప్పడానికి లేదు.

ఆ మొక్కు ఎందుకు మొక్కానో తెలియాలంటే నా కూతురి చిన్నతనం చెప్పాలి.

మిర్యాలగూడలో నేను రైసుమిల్లు కూలీని. ఇప్పుడంటే మిషన్లు ఆరబెడుతున్నాయి, మేము ఊడ్చి సంచులు కుడుతున్నాం గాని, అప్పట్లో ఉడకబెట్టిన వడ్లను సిమెంటు కళ్ళంలో ఆడవాళ్ళమే ఎండబోసేవాళ్ళం. పొగలు వచ్చే వడ్లలో కాళ్ళతో సాళ్ళు తీస్తూ ఒక మూల నుంచి ఇంకో మూలకు నడవాలి, మళ్ళీ వెనక్కి రావాలి. సాలు తప్పితే అడుగు వడ్లు ముక్కిపోతాయి. ఆ పనికి నిలకడ కావాలి. నాకది ఉంది. నా కడుపున పుట్టినదానికి లేదు.

అది కళ్ళంలో అడుగు పెడితే సాళ్ళన్నీ చెడిపోయేవి. కాకిని తరుముతూ వడ్ల మీదుగా ఉరికేది. మంచినీళ్ళు తెమ్మని చెంబిచ్చి పంపితే చెంబు బోరింగు దగ్గర ఉండేది, పిల్ల లారీ కింద కుక్కపిల్లల దగ్గర ఉండేది. తిట్టేదాన్ని. కొట్టేదాన్ని కూడా. "కాళ్ళకు సక్రాలున్నయానే? ఒక్క కాడ కూసుంటే ముండ్లు గుచ్చుకుంటయా?" అని రోజూ అనేదాన్ని. బళ్ళో పంతులూ అదే పాట, తెలివి ఉంది గాని బుద్ధి లేదని. పలకలు పోగొట్టేది, చెప్పులు పోగొట్టేది. లెక్క మొదలుపెట్టి సగంలో కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయేది.

నాకు అక్షరాలు నేర్పింది అదే. అప్పుడు నాకు నలభై దాటాయి, దానికి పన్నెండు. కళ్ళం గోడ మీద బొగ్గుతో రాసి చూపించేది. కూర్చుని కాదు, గెంతుతూ. అ దగ్గర మొదలుపెట్టి క దాకా వచ్చేసరికి ఎటో పోయేది. మర్నాడు మళ్ళీ అ దగ్గర నుంచే. నేను ఒకే అక్షరాన్ని ఇరవైసార్లు తప్పు రాసినా ఒక్కసారి కూడా నన్ను కసరలేదు. అది మాత్రం ఏ చిన్న తప్పు చేసినా నా చేత దెబ్బలు తింటూనే ఉంది. ఈ సంగతి నాకు ఈ మధ్యనే తట్టింది.

పదో తరగతి తప్పింది. కుట్టుపని నేర్పించాను. చెయ్యి మంచిది. మనసు పడితే తిండి కూడా మరిచి కూర్చున్నచోటే నాలుగు జాకెట్లు కుట్టేది. పడకపోతే పెళ్ళికూతురి జాకెట్టు కూడా పెళ్ళయిపోయేదాకా ముక్కలుగానే పడి ఉండేది. కోదాడ ఇచ్చి పెళ్ళి చేశాం. అల్లుడికి మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. నోరు లేని మనిషి. ఆ ఇంట్లో నోరంతా వాళ్ళమ్మది. నా వియ్యపురాలు చెడ్డదని అనను. కానీ ఆమె ఇంట్లో గంటె కూడా రోజూ ఒకే మేకుకు వేలాడాలి. నా బిడ్డేమో గ్యాసు ఆపడం మరిచేది, బీరువా తాళం ఫ్రిజ్జులో పెట్టేది. ఒకరోజు బడి విడిచే వేళ మరిచి కుట్టుమిషన్ మీద ఉండిపోయింది. ఎనిమిదేళ్ళ నా మనవరాలు బడి గేటు దగ్గర ఏడుస్తూ గంటసేపు నిలబడింది.

ఆ సాయంత్రం వియ్యపురాలు ఫోన్ చేసింది.

"వదినా, మీ అమ్మాయిని ఏమనాలో నాకు తెలియట్లేదండీ. కన్నపిల్లను మర్చిపోద్దా ఎవరన్నా? రేపు ఇంటికి రావడం కూడా మర్చిపోద్దేమో!"

"జర ఓపిక పట్టు వదినె. నేను చెప్త దానికి."

"చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. కన్నది మీరు, పడేది మేము."

ఆమె ఫోన్ పెట్టేయగానే బిడ్డకు చేశాను. ఏం జరిగిందని అడగలేదు. "కుక్క గూడ దాని పిల్లల్ని మరువదే" అన్నాను. అటునుంచి "నిజమేనమ్మా" అంది.

అంతకుముందు తిడితే ఎదురు తిరిగేది, ఏడ్చేది, ఏడుస్తూనే ఏదో అని నన్ను నవ్వించేది. నిజమేనని ఒప్పుకోవడం అదే మొదలు. అప్పుడే నాకు భయం వేయాల్సింది. వేయలేదు. బుద్ధి వస్తోందనుకున్నాను.

ఆ వారమే నడిగూడెం పక్కన మా పుట్టినూరికి పోయి ముత్యాలమ్మ ముందు నిలబడి మొక్కాను. "నా బిడ్డ ఒక్క కాడ కుదురుగ కూసునేటట్టు చెయ్యి తల్లీ. యాటను కోస్త."

నాలుగు నెలల తర్వాత నేను కోదాడ పోయేసరికి అది కుదురుగా కూర్చుని ఉంది.

కుట్టుమిషన్ ముందు స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మిషన్ మీద గుడ్డ లేదు. నన్ను చూసి లేచింది, నీళ్ళిచ్చింది, మళ్ళీ పోయి అదే స్టూలు మీద కూర్చుంది. దాని కాలు ఊగడం లేదు. ముప్పై మూడేళ్ళలో ఆ కాలు ఊగకుండా నేను చూడలేదు.

వియ్యపురాలు నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "చూశారా వదినా, మనిషే మారిపోయింది. ఎదురు చెప్పదు, గడప దాటదు. పెడితే రెండు ముద్దలు తింటది, పెట్టకపోతే అడగదు. ఇల్లు ఇల్లులా ఉందండీ ఇప్పుడు."

"అంత తల్లి దయ. మొక్కిన వదినె. ఇగ యాటను కొయ్యాలె."

"మరి ఆలస్యమెందుకు? అమ్మోరి మొక్కు ఆపకూడదు."

వచ్చే ఆదివారమే మా పుట్టినూళ్ళో అమ్మవారి దగ్గర పెట్టుకున్నాం. బిడ్డ తలస్నానం చేసి బోనం ఎత్తుకుంది. నడవమంటే నడిచింది, ఆగమంటే ఆగింది. మా చెల్లెలు నన్ను మోచేత్తో పొడిచి, "ఏమే అక్కా, నీ కోతి గిట్ల ఆవు అయిందేందే?" అంది. "తిట్టంగ తిట్టంగ అయింది" అన్నాను. ఆడవాళ్ళందరం నవ్వాం. బిడ్డ కూడా విన్నది. అది మా వైపు తిరిగి చూడలేదు.

బంతిలో కూర్చుని విస్తరిలో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఈగలు వాలినా తోలలేదు. అందరూ లేచాక తొట్టి దగ్గరికి తీసుకుపోయి చెయ్యి మీద నీళ్ళు పోశాను.

"ఎందుకు తినలే?"

"తిన్న."

"ఏడ తిన్నవ్? ఇస్తరి ఎట్లేసింది అట్లనే ఉంది."

అది యాటను కోసిన జాగా వైపు చూసింది. "దాని పని మంచిగున్నదమ్మా" అంది.

"దేని పని?"

"యాట పని. ఇగ లేసేది లేదు, మరిచేది లేదు. దానితోని ఎవ్వలకూ పరేషాన్ లేదు."

ఎండ గురించి చెప్పినట్టు చెప్పింది. చెంబులో నీళ్ళు అయిపోయాయి. నేను ఖాళీ చెంబును ఇంకా వంచే ఉన్నాను.

మా పల్లెల్లో ప్రతి వాడలో ఒకరో ఇద్దరో ఉన్నారు, తమంతట తాము పోయినవాళ్ళు. వాళ్ళ గురించి తర్వాత అందరం ఒకే మాట చెప్పుకుంటాం: మొన్ననే మంచిగైండు, ఎవ్వల జోలికీ పోలేదు, మంచిగ మాట్లాడిండు అని. ఆ మాట నేను ఎన్ని ఇళ్ళలో అన్నానో తలుచుకుంటూ తొట్టి దగ్గరే నిలబడ్డాను. వెనక చుట్టాలు ఇంకా కూర బాగుందని మెచ్చుకుంటున్నారు.

పది రోజులు నా దగ్గర ఉంచుకుంటానని చెప్పి, దాన్ని మిర్యాలగూడకు తెచ్చుకున్నాను.

ఆ పది రోజులు ఎట్లా గడిపానో నాకే తెలియదు. స్నానాల గది గొళ్ళెం ఊడదీశాను. ఇంట్లో ఉండకూడదనిపించిన ప్రతిదాన్నీ మూటకట్టి మిల్లులో వాచ్‌మన్ గదిలో పెట్టించాను. కానీ బిడ్డను మాత్రం ఆ ఒక్క మాట అడగలేదు. అడిగితే దానికి లేని ఆలోచన నేనే పెట్టినదాన్నవుతానని భయం. అది పొద్దంతా గోడ వైపు తిరిగి పడుకునేది. నేను పొయ్యి దగ్గర నుంచే దాని వీపు చూస్తూ, ఊపిరికి జాకెట్టు కదులుతోందా లేదా అని కనిపెడుతూ వండేదాన్ని.

ఒక మధ్యాహ్నం మిల్లు నుంచి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నాలుగుసార్లు చేశాను. చేతిలో చీపురుతోనే ఇంటికి ఉరికాను. తలుపు వేసి ఉంది. రెండు చేతులా బాదాను. వాడంతా బయటికి వచ్చింది. చివరికి గడియ తీసి, నిద్రమొహంతో నన్ను చూసింది.

"ఫోన్ ఏడ పెట్టినవ్?"

"తెలవదు."

మళ్ళీ చేస్తే బియ్యం డబ్బాలో మోగింది. బియ్యం తీసుకుంటూ అందులోనే పెట్టి మూత వేసిందట. ఇది ఫోన్ ఎత్తకపోతే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉండాలి, లేదంటే ఇంకొకటి అయి ఉండాలి. ఈ రెండింటిలో ఏదో బయట నుంచి నాకు ఎట్లా తెలుస్తుంది?

నా వెనకే ఉరికొచ్చిన నా తోటి మిల్లు కూలీ ఒకామె అంతా చూసి, నన్ను పక్కకు లాగింది. "సూర్యాపేటల మనసు డాక్టరమ్మ ఉంది. మా తమ్మున్ని గాడికే తోల్కపోయినం. రేపే పో."

"పిచ్చి డాక్టరా?"

"పిచ్చి దానికి గాదు, నీకు. పిల్ల గిట్లుంటే సీపురు పట్టుకొని ఉరుకుతున్నవ్ గాని దవాఖానకు పోతలేవు."

మర్నాడు పొద్దున బస్సుకే సూర్యాపేట పోయాం.

డాక్టరమ్మ నా బిడ్డ కంటే చిన్నది. తల్లి బయట ఉండాలా, లోపల ఉండాలా అని ముందే బిడ్డను అడిగింది. "ఉండనీయండి మేడమ్. చెప్పాల్సింది ఆమెకే" అంది బిడ్డ. నిద్ర, తిండి అడిగాక డాక్టరమ్మ గొంతు మార్చకుండానే అడిగేసింది.

"చచ్చిపోవాలనిపిస్తుందా?"

"రోజూ అనిపిస్తది మేడమ్."

నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు. డాక్టరమ్మ నన్ను కూర్చోమంది. "అమ్మా, అడిగినందుకు ఎవరికీ ఆ ఆలోచన రాదు. అడగకపోతేనే లోపల ఒక్కరే దాంతో పోరాడుతుంటారు. మీరు కూడా అడగండి. రోజూ అడగండి" అంది.

తర్వాత చిన్నతనం గురించి అడిగింది. "సిన్నప్పుడు ఏ రోగం లేదమ్మా, మంచిగుండె. ఒక్క కాడ కూసోకపోయేది, అన్నీ మరిచేది, గంతే" అన్నాను. ఆమె రాస్తున్నది ఆపి నా వైపు చూసింది. ఆ "గంతే" గురించే అరగంట అడిగింది. పలకల గురించి, చెంబు గురించి, సగంలో ఆగిన జాకెట్ల గురించి, బడి గేటు గురించి. బిడ్డ తల వంచుకుని ఒక్కొక్కదానికీ ఊఁ కొట్టింది.

"ఇది బుద్ధి లేక కాదమ్మా" అంది డాక్టరమ్మ. ఇంగ్లీషులో నాలుగక్షరాల పేరు ఒకటి చెప్పింది. "ధ్యాసను పట్టి ఒకచోట నిలిపే శక్తి కొందరికి పుట్టుకతోనే తక్కువ. ఈమెకు అదే అయి ఉంటుందనుకుంటున్నా, పరీక్షలు చేసి తేలుద్దాం. ఇట్లాంటివాళ్ళు రోజుకు పదిసార్లు మరుస్తారు, పదిసార్లు మాట పడతారు. ఏళ్ళ తరబడి పడీ పడీ, తిట్టేవాళ్ళు పక్కన లేకపోయినా తమను తామే తిట్టుకుంటారు. అందరికీ కాదుగాని, చాలామందికి దాని మీద ఈ దిగులు జబ్బు వచ్చి పడుతుంది."

"కానీ ఇప్పుడు కుదురుకుంది గద మేడమ్? కూసుంటుంది గద?" అన్నాను. అప్పటికీ నాలో ఆ ఆశ ఉంది.

"కుదురుకోలేదమ్మా. ఆగిపోయింది."

"నేను కుదురుకున్న అని మా అమ్మ యాటను గూడ కోసింది మేడమ్," అంది బిడ్డ. నవ్వాలో వద్దో డాక్టరమ్మకు తెలియలేదు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు దిగులుకు మందు, అది తగ్గాక ధ్యాస సంగతి చూద్దామంది. గోళీలు ఒక్కసారే ఎక్కువ ఇవ్వలేదు. అవి నా చేతిలోనే ఉండాలంది, బిడ్డ తనంతట తాను మందు ఆపకూడదంది. లేచి వస్తుంటే ఇంకో మాట చెప్పింది. కొంచెం తేరుకుని కాలూ చెయ్యీ ఆడే కొత్తలోనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలట. దిగులు పూర్తిగా పోకముందే సత్తువ వస్తుందట.

ఆ మాటతో నాకు సంతోషపడే వీలు కూడా పోయింది. మూడో వారంలో అది మంచం మీద కూర్చుని కాలు ఊపింది. ఏ కాలునైతే ముప్పై ఏళ్ళు తిట్టానో, ఆ కాలును చూసి ఇంకో తల్లయితే సంతోషపడేదేమో. నేను ఆ పూట పనికి పోలేదు.

అడగడం కూడా నేర్చుకున్నాను. మొదటిరోజు మాట నోట్లోంచి రాలేదు. రెండోరోజు అన్నం కలుపుతూ తల ఎత్తకుండా అడిగాను. తర్వాత తర్వాత అలవాటైంది.

"ఇయ్యాల సావాలనిపించిందా?"

"పొద్దుగాల అనిపించింది. ఇప్పుడు లేదు."

"ఎంత అనిపించింది?"

"కరెంటు మీటర్ సూసేటోని లెక్క అడుగుతున్నవ్ గదనే! నిన్నటికంటె తక్కువ. రాసుకో."

పది రోజులకని తెచ్చుకున్న బిడ్డ నా దగ్గరే ఉండిపోయింది, మూడో నెలలో తన కూతురి కోసం కోదాడ పోతానంది. డాక్టరమ్మ సరేనంది. ముందు అల్లుడికి అన్నీ చెప్పాను. అతను తల ఊపాడు. వియ్యపురాలు ఊరుకోలేదు, ఫోన్ చేసింది.

"దిగులు ఎవరికి లేదు వదినా? నాకు లేదా? నేను మందులేసుకున్నానా?"

"నీ దిగులు నువ్వు మా మీద కక్కుతవ్ వదినె, నీకు మందెందుకు? నా బిడ్డ మింగింది. నేను గూడ మింగిపిచ్చిన. ఇగ ఒక్క మాట గూడ అనకు."

ఆమె ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. "పొద్దుటి గోళీ టిఫిన్‌కి ముందా, తర్వాతా?" అని అడిగింది. ఆమె నుంచి అంతకంటే నేను కోరేది లేదు.

వెంట నేనూ వస్తానన్నాను. బిడ్డ ఒప్పుకోలేదు. హుజూర్‌నగర్‌లో బస్సు మారాలి, అంతేగా అంది. వారానికి సరిపడా గోళీలు, పోగానే అత్త చేతికి ఇమ్మని చెప్పి దాని చేతి సంచిలో పెట్టాను, బస్సు ఎక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపింది. గంట తర్వాత ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారికి మోగడం కూడా లేదు. బస్టాండు బల్ల మీదే కూర్చున్నాను. కాలువలూ, వంతెనలూ, ఆ దారి పొడుగునా ఉన్న నీళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి.

తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను.

"అమ్మా, నేనే. తిట్టకు. ఫోన్ బస్సుల పడిపోయింది. ఇది చాయ్ అమ్మే అక్క ఫోన్."

"పోతే పోనీ. నువ్వు ఏడున్నవ్?"

"హుజూర్‌నగర్ బస్టాండ్‌ల. కోదాడ బస్సు పెట్టిండ్రు."

"గాడనే కూసో. నేనొస్తున్న."

"వద్దు."

"వద్దేందే? ఫోన్ లేకుంట..."

"నువ్వొస్తే ఇగ నేను ఎన్నడూ ఒక్కదాన్ని ఏడికీ పోలేనమ్మా."

రోజూ అడిగేదే అడిగాను. "ఇయ్యాల అనిపించిందా?"

"పొద్దుగాల జరంత. ఇప్పుడు ఫోన్ పోయిన పరేషాన్ల గది యాదికే లేదు."

"సరే, పో" అన్నాను.

మాట అనేశాను గాని ప్రాణం ఒప్పలేదు. పది నిమిషాలు ఆగి ఆ నంబరుకే మళ్ళీ చేశాను. చాయ్ అమ్మే ఆమె ఎత్తింది.

"అమ్మా, ఇందాక నీ ఫోన్‌ల మాట్లాడిన పిల్ల ఎక్కిందా? మొకం ఎట్లుండె?"

"మంచిగనే ఉండె తల్లీ. చాయ్ తాగింది, నాతోని నవ్వింది. సంచి మాత్రం ఈడ బల్ల మీదనే ఇడిసిపెట్టి ఎక్కింది. నేనే బస్సు ఎంబడి ఉరికి కిటికీలకెంచి ఇచ్చిన."

గోళీలన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి.

"ఇచ్చినవా? దాని సేతికే ఇచ్చినవా?"

"ఇచ్చిన అంటున్న గదమ్మా."

"ఒళ్ళె పెట్టుకున్నదా, పక్క సీటు మీద పెట్టిందా?"

"గది నేను సూడలే తల్లీ. బస్సు పోయింది."